ఎండ తినేస్తున్న పట్టలు, పైపులు

రైతన్నా! మీ కొట్టం వెనక ఎప్పుడో పారేసిన యూరియా సంచి ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని తీసుకుని పిడికిట్లో నలిపి చూడండి. పోగులు పోగులుగా విడిపోయి, తెల్లటి పొడి చేతికి అంటుకుంటుంది. ఆ సంచిలోనే ఓ మూల మట్టిలో కూరుకుపోయి ఉంటే దాన్ని కూడా లాగి చూడండి. అది చినగదు. చెద పట్టలేదు, ఎలుక కొట్టలేదు, నిప్పంటుకోలేదు. ఒకే సంచి, ఒకే వయసు. పైకి తేలి ఉన్నది పొడయింది, మట్టి కింద ఉన్నది గట్టిగా ఉంది. ఇది ఎండ చేసిన పని.

సంచి పోతే పోయింది, దాని ఖరీదెంత? కానీ కళ్లంలో చెనక్కాయల కుప్ప మీద కప్పే టార్పాలిన్ పట్ట, బోరులో మోటారుకు ఆధారంగా కట్టిన తాడు, చీనీ తోటలో పరిచిన డ్రిప్పు పైపు, ఫిల్టరు దగ్గర పైకి లేచి ఉన్న పీవీసీ గొట్టం, ఇవన్నీ ఆ సంచి జాతివే. వాటినీ ఎండ రోజూ కొంచెం కొంచెంగా తింటూనే ఉంటుంది. తినేది మనకు కనిపించదు. పట్ట చినిగేది మాత్రం సరిగ్గా వాన వచ్చిన రాత్రే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన కురిసే మన అనంతపురం జిల్లాలో వానకంటే ఎండే ఎక్కువ. కాబట్టి ఈ సంగతి మనకు ఇంకా ముఖ్యం.

కోసేది వేడి కాదు, వెలుతురు

చాలామంది "వేడికి కరిగిపోయిందయ్యా" అంటుంటారు. వేడి కూడా తోడు వస్తుంది, కాదనను. కానీ అసలు దొంగ వేరే. సూర్యుడి వెలుతురులో మన కంటికి కనిపించని భాగం ఒకటుంది. దాన్నే అతినీలలోహిత కిరణాలు అంటారు. దుకాణాల్లో 'యూవీ' అని చెబుతారు. నేలకు చేరే ఎండ శక్తిలో వీటి వాటా సుమారు 5 శాతమే. అయినా పదునంతా వాటిలోనే ఉంది.

ప్లాస్టిక్ అంటే పొడవాటి గొలుసుల కట్ట అనుకోండి. ఒక్కో గొలుసులో వేల లంకెలు. గొలుసులు పొడుగ్గా ఉన్నంతకాలం పట్ట సాగుతుంది, వంగుతుంది, చినగదు. ఈ కిరణాలు పడి ఎక్కడో ఒక లంకె తెగుతుంది. ముందుగా తెగేది, తయారీలో మలినం మిగిలిన చోట, గొలుసు బలహీనంగా ఉన్న చోట. తెగిన కొసకు గాలిలోని ఆక్సిజన్ వచ్చి అంటుకుంటుంది. అక్కడితో ఆగితే బాగుండు. ఆ కొస పక్క గొలుసును పాడుచేస్తుంది, అది ఇంకోదాన్ని. కల్లుకుండలో పులుపు చేరినట్టు ఒకసారి మొదలైతే ఆగదు. గొలుసులన్నీ పొట్టివైపోయిన రోజు ప్లాస్టిక్ వంగదు, పుటుక్కున విరుగుతుంది. వేడి ఎక్కువైతే ఈ పని ఇంకా జోరుగా సాగుతుంది. అందుకే చైత్ర వైశాఖాల్లో పోయేంత మార్గశిరంలో పోదు. కానీ చలికాలంలోనూ, మబ్బు పట్టిన రోజుల్లోనూ ఈ కిరణాలు కొంత వస్తూనే ఉంటాయి.

యూరియా సంచీ, నీలం పచ్చ రంగుల్లో దొరికే చవక తాళ్లూ చాలావరకు పాలీప్రొపిలీన్‌తో చేసినవి. డ్రిప్పు పైపులు, టార్పాలిన్లు పాలిథీన్‌వి. ఎండకు పాలీప్రొపిలీన్ ఇంకా తొందరగా లొంగిపోతుంది. గొలుసు కట్టుబాటులోనే దానికి ఎక్కువ బలహీనమైన చోట్లున్నాయి.

మసి చేసే మేలు

డ్రిప్పు పైపులు ఎందుకు నల్లగా ఉంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? అందం కోసం కాదు. దీపపు మసికి దగ్గరి చుట్టమైన కార్బన్ బ్లాక్ అనే నల్లపొడిని అందులో కలుపుతారు. ఈ పొడి కిరణాలను తానే మింగేసి వేడిగా మార్చేస్తుంది. ప్లాస్టిక్ గొలుసు దాకా పోనివ్వదు. పైపు పైపొరలోనే కిరణాలు ఆగిపోతాయి. మన వాళ్లు పిల్లల కళ్లకు కాటుక పెడతారే, ఇది పైపుకు ఒళ్లంతా పెట్టిన కాటుక. నీళ్లకు వాడే నల్ల పాలిథీన్ పైపుల్లో ఈ పొడి 100 కిలోలకు రెండున్నర కిలోలు, అరకిలో అటూ ఇటూగా ఉండాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు తగ్గితే గొడుగుకు చిల్లులు పడ్డట్టే. పొడి సన్నగా ఉండాలి, అంతటా సమంగా కలవాలి. ఉండలు కట్టి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే తక్కువ ఉన్నచోట పైపు చీలుతుంది.

ఇక్కడే మనం మోసపోయేది. పాత బకెట్లు, చెప్పులు, సంచులు కరిగించి చేసిన తుక్కు పైపు కూడా నల్లగానే ఉంటుంది. ఇంకా నిగనిగలాడుతుంది కూడా! ఒకసారి కరిగి, ఎండలు తిని, మళ్లీ కరిగిన ప్లాస్టిక్‌లో గొలుసులు ముందే తెగి ఉంటాయి. దానికి ఎంత మసి పూసినా ఏం లాభం? కాబట్టి నలుపు చూసి మురిసిపోవద్దు. పైపు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని కింద లైసెన్సు సంఖ్య, ప్రమాణం సంఖ్య ఉన్నాయా చూడండి. డ్రిప్పు లేటరల్ పైపులకు ఐ.ఎస్. 12786, మామూలు పాలిథీన్ నీటి గొట్టాలకు ఐ.ఎస్. 4984. మీ ఇంట్లో చదువుకునే పిల్లల చేతిలో సెల్‌ఫోను ఉంటుంది కదా, అందులో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్ వేయించి లైసెన్సు సంఖ్య కొట్టించండి. అది ఏ కంపెనీది, బతికున్న లైసెన్సా కాదా అన్నది బయటపడుతుంది. గుర్తు అచ్చు వేసుకోవడం ఎవరికైనా చేతనవుతుంది, లైసెన్సు సంపాదించడమే కష్టం.

ఇంకో పరీక్ష ఉంది. పైపు కొసను కత్తితో ఉల్లిపొరలా పల్చగా చెక్కి వెలుతురుకు పట్టి చూడండి. ఒకే నలుపుగా కనిపించాలి. చారలు, తెల్లటి మచ్చలు కనిపిస్తే కలపడం సరిగా జరగలేదన్నమాట.

బోరు తాడు సంగతి

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. సబ్‌మెర్సిబుల్ మోటారు దించేటప్పుడు పైపుతో పాటు ఒక తాడు కూడా కట్టి వదులుతాం. పైపు ఊడినా మోటారు ఆ తాడు మీద నిలబడాలని. ఆ తాడు రెండో కొసను బోరు మూతి దగ్గర కేసింగు పైపుకో, క్లాంపుకో ముడివేస్తాం. బోరు లోపల నూరడుగుల కింద ఎండ లేదు. అక్కడ తాడు ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. ఎండ తగిలేది పైనున్న మూడు నాలుగడుగులకే. మొత్తం బరువు మోయాల్సిన ముడి కూడా అక్కడే ఉంది! పైగా ముడి దగ్గర తాడు వంగి, లాగి ఉంటుంది. లాగుడు మీద ఉన్న ప్లాస్టిక్‌ను ఎండ ఇంకా తొందరగా కొరుకుతుంది.

మోటారు కాలిపోయి పైకి లాగే రోజు వస్తుంది. పైపు జాయింటు దగ్గర జారుతుంది. బరువంతా ఒక్కసారిగా తాడు మీద పడుతుంది. పైన ఉన్న ఆ నాలుగడుగుల ముక్క తెగిందంటే మోటారు, కేబులు, పైపులు అన్నీ బోరు అడుగుకు పోతాయి. తీయించడానికి బండి పిలవాలి, కూలీ ఇవ్వాలి, అయినా వస్తుందన్న నమ్మకం లేదు. రాకపోతే ఆ బోరే పోయినట్టు. అప్పు తెచ్చి వేసిన బోరును నాలుగడుగుల తాడుకు బలివ్వడం ఎందుకు?

పని చాలా చిన్నది. ఏటా ఉగాది ముందర ఒకసారి ఆ తాడు చూడండి. పైకి నూగు లేచిందా? వేలితో రాస్తే పొడి రాలుతోందా? పురి కాస్త విప్పి లోపలి పోగులు చూడండి. లోపలి రంగు కొత్తగా ఉండి, పై రంగు వెలిసిపోయి ఉంటే ఎండ పని మొదలైనట్టే. ఒక పోగును గోటితో వంచితే పుటుక్కున విరిగితే ఇక ఆ తాడును నమ్మొద్దు. మోటారు పైకి తీసిన తరుణంలో కొత్త తాడు కట్టించండి. బాగున్న తాడైతే పైన ఉండే భాగానికి పాత నల్ల పైపు ముక్కను నిలువునా చీల్చి తొడగండి, లేదా పాత సైకిలు ట్యూబు చుట్టండి. ఖర్చు అంటూ ఏమీ లేదు.

కళ్లంలో పట్ట

పంట ఇంటికొచ్చే నాలుగు రోజులే రైతుకు గండం. చెనక్కాయో, వడ్లో, మొక్కజొన్నో కళ్లంలో పోసి ఉంటాం. కూలీలకు, ఎరువుల అంగడికి, బ్యాంకుకు ఆ కుప్పలోనుంచే ఇవ్వాలి. మబ్బు కమ్మితే అందరం పట్ట కోసం పరుగెడతాం. మడతలు విప్పితే మడత గీతల వెంబడే చీలికలు! ఎందుకంటే మడతపెట్టిన చోట ప్లాస్టిక్ ముందే అలిసిపోయి ఉంటుంది. కంతల చుట్టూ, తాడు కట్టి లాగిన మూలల దగ్గర కూడా అంతే.

నీలం, పసుపు, నారింజ పట్టల్లో మసి ఉండదు. వాటికి యూవీ స్టెబిలైజర్ అనే మందు కలపాలి. ఆ మందు ఖరీదైంది. చవక పట్టలో తగ్గించేది ముందుగా దాన్నే. పైకి చూసి ఇది తెలుసుకోలేం. అందుకే బిల్లు మీద యూవీ మందు కలిపినదనీ, ఎన్ని నెలలకు హామీ అనీ రాయించుకోండి. రాయను అంటే ఇంకో అంగడికి నడవండి. నేసిన పాలిథీన్ టార్పాలిన్‌కు ఐ.ఎస్. 7903 అనే ప్రమాణం ఉంది. అదీ అడగండి. మందం గురించి 'మైక్రాన్లు' అని ఏవో లెక్కలు చెబుతారు, వాటికంటే తక్కెడ మంచిది. చదరపు మీటరుకు 250 గ్రాములని చెప్పిన పట్ట 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉంటే 48 చదరపు మీటర్లు. తూస్తే 12 కిలోలు తూగాలి. తొమ్మిది కిలోలే తూగితే చెప్పింది 250, ఇచ్చింది 190 కూడా లేదు. ఈ లెక్క ముందు ఎవరూ నోరెత్తరు.

ధర లెక్క కూడా ఇలాగే వేసుకోండి. ఒక పట్ట 1,500 రూపాయలు పెట్టి ఒక్క ఏడాదికే పోయిందనుకుందాం. ఇంకోటి 3,000 పెట్టి మూడేళ్లు వచ్చిందనుకుందాం. ఏడాదికి మొదటిది 1,500, రెండోది వెయ్యి. చిన్న రైతుకు చేతిలో ఒకేసారి 3,000 ఉండదన్నది నాకూ తెలుసు. అలాంటప్పుడు పక్క చేనాయనతో కలిసి ఒక్క మంచి పట్ట కొనుక్కోవడం, ఇద్దరూ రెండు చవకవి కొనడంకంటే నయం.

కొన్న రోజునే అంచు దగ్గర జానెడు ముక్క కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచండి. ఆరు నెలలకోసారి ఆ ముక్కనూ, ఎండలో వాడిన పట్ట అంచునూ పక్కపక్కన పెట్టి లాగి చూడండి. రంగు ఎంత వెలిసింది, బలం ఎంత తగ్గింది అన్నది మీ చేతికే తెలుస్తుంది. సీజనుకు నెల ముందే తెలిస్తే కొత్తది చూసుకోవచ్చు.

ఇంకొక్క మాట. పచ్చిగా ఉన్న చెనక్కాయల మీద పగలంతా పట్ట కప్పి ఉంచకండి. లోపల చెమర్చి బూజు పడుతుంది. వాన వెలవగానే తీసి గాలి తగలనివ్వండి.

రంగు కాపాడుతుంది, రంగే చెరుపుతుంది

నల్లపొడి కాపాడింది కదా, మరి మిగతా రంగులు? అన్నీ ఒకలా ఉండవు. మన ఇళ్ల గోడలకు, గుడి గోడలకు సున్నం మీద కావి పట్టెలు వేస్తాం. సున్నం రాలిపోతుందేగానీ కావి ఎరుపు మాత్రం వెలవదు. కావి అంటే ఇనుప తుప్పు జాతి మట్టి, దాన్ని ఎండ ఏమీ చేయలేదు. అదే, చవక ప్లాస్టిక్ బిందెలకు వాడే కొన్ని తళతళ ఎరుపులు, గులాబీలు రెండు వేసవుల్లో పాలిపోతాయి.

తెల్ల రంగు కథ ఇంకా విచిత్రం. తెలుపుకు వాడేది టైటానియం డయాక్సైడ్ అనే పొడి. పీవీసీ గొట్టంలో దీన్నే కలుపుతారు, కిరణాలను అడ్డుకుంటుంది. కానీ పొడిలో రకాలున్నాయి. రూటైల్ అనే రకాన్ని పైపూత వేసి వాడితే కాపలా కాస్తుంది. అనటేస్ అనే రకం ఎండ తగిలితే తానే చుట్టూ ఉన్న జిగురును తినడం మొదలుపెడుతుంది. కంచే చేను మేసినట్టు. ఇనుప గేటుకు వేసిన తెల్ల పెయింటు రెండేళ్లకే చేయి పెడితే సుద్దలా అంటుకుంటుందే, అది ఇలాంటి పనే. లోపలి జిగురు పోయి రంగుపొడి ఒక్కటే మిగిలిందన్నమాట.

సిలికాన్ పూత అంటే ఏమిటి?

ఈ మధ్య రేకుల షెడ్ల మీద, నీళ్ల తొట్లకు 'సిలికాన్ కోటింగు' వేస్తామని తిరుగుతున్నారు. సోలారు పంపు పలకల అంచుల్లో పూసేదీ, 11 కె.వి. లైన్ల మీద పింగాణీ బదులు వస్తున్న బూడిదరంగు ఇన్సులేటర్లూ ఈ సిలికాన్‌వే. ఇది నిజంగా ఎండకు ఆగుతుందా? ఆగుతుంది. కారణం చెబుతాను. ఎండ కత్తి పదును 400 అనుకోండి. మామూలు ప్లాస్టిక్ గొలుసులో లంకె బలం 350 దాకా ఉంటుంది, అందుకే తెగుతుంది. సిలికాన్ గొలుసు ఇసుక జాతిది. దాని లంకె బలం 450 దాకా. కత్తి దాని మీద మొద్దుబారిపోతుంది. ఇది ఊరికే వేసిన అంకె కాదు, రసాయన శాస్త్రవేత్తలు కొలిచే కిలోజౌళ్ల లెక్కే.

అలాగని చావు లేనిదేం కాదు. గొలుసు గట్టిదే అయినా దానికి పక్కన చిన్న చిన్న కొమ్మలుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కొమ్మలు తెగుతాయి. పూత మెత్తదనం పోయి బిరుసెక్కుతుంది. కొత్తగా ఉన్నప్పుడు దాని మీద నీళ్లు చేమాకు మీద చుక్కల్లా జారిపోయేవి. పాతబడ్డాక నీళ్లు పరుచుకుంటాయి, దుమ్ము పట్టుకుంటుంది. ఇంకో చిక్కు, సిలికాన్ ఎంత గట్టిదైనా అందులో కలిపిన రంగు నాసిరకానిదైతే రంగు పాలిపోతుంది, సుద్ద రాలుతుంది. కాబట్టి సిలికాన్ పూత వేయించుకునేవాళ్లు ఏ రంగు కలిపారో అడగాలి. కావి ఎరుపు, బూడిద, తెలుపు లాంటి ఖనిజపు రంగులైతే నమ్మొచ్చు. పూత బాగుందో లేదో చూడాలంటే మీ షెడ్డు రేకు మీద దోసెడు నీళ్లు చల్లి చూడండి. కరెంటు స్తంభం మీద ఇన్సులేటరు జోలికి మాత్రం పోవద్దు, అది లైన్‌మన్ పని. ఒకసారి సిలికాన్ పూసిన చోట మామూలు పెయింటు అంటుకోదన్నది కూడా వేయించుకోబోయే ముందే గుర్తుంచుకోండి.

తోటలో చేయాల్సినవి

పీవీసీ గొట్టాలను పైన వదిలేయకండి. ఎండకు పైభాగం పసుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది. నీటి ఒత్తిడిని అప్పటికీ తట్టుకుంటుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం. కానీ దెబ్బకు ఓర్చే గుణం పోయి ఉంటుంది. ఎద్దు కాలు పడినా, పార తగిలినా పగులుతుంది. సబ్‌మెయిన్‌ను అడుగున్నర, రెండడుగుల లోతున పూడ్చండి. ఫిల్టరు దగ్గర పైకి ఉండక తప్పని గొట్టాలకు లేత రంగు, నీళ్లలో కలిపే గోడ పెయింటు వేయండి, లేదా గోనెపట్ట చుట్టండి. పొలానికి తెచ్చి బిగించేలోపు గొట్టాలను చెట్టు నీడనో, ఈత మట్టల కిందో పెట్టండి. నల్ల పట్టతో బిగించి కప్పితే లోపల వేడికి వంకర తిరుగుతాయి.

డ్రిప్పు లేటరల్స్ పంట లేని రోజుల్లో చుట్టలుగా చుట్టి నీడన వేలాడదీయండి. కింద పెడితే ఎలుకలు, ఉడతలు వదలవు. ఎండను తప్పించి ఎలుకకు అప్పగించినట్టవుతుంది.

కర్బూజ, కళింగర, టమోటాకు వేసే మల్చింగ్ షీటు పల్చటిది. పంట కోత అయ్యాక దాన్ని నెలల తరబడి మడిలో వదిలేస్తే పైభాగం పెళుసై ముక్కలవుతుంది, మట్టిలో ఉన్న అంచులు మాత్రం గట్టిగా మిగిలిపోతాయి. అప్పుడు లాగితే మట్టి అంచు దగ్గరే తెగుతుంది. ఆ ముక్కలు మడకకు చుట్టుకుంటాయి, మేతలో పడి పశువుల కడుపులోకి పోతాయి. పంట అయిన వారంలోపే, షీటు ఇంకా సాగుతున్నప్పుడే చుట్టి తీయండి.

పాలీహౌసు ఉన్నవాళ్లు కొద్దిమందే అయినా వారికొక మాట. గంధకం పొడి, క్లోరిన్ ఉన్న మందులు ఎక్కువగా కొడితే పైకప్పు షీటులోని యూవీ మందు చచ్చిపోతుంది. గంధకం తప్పనిసరైతే తగ్గించి కొట్టి, తర్వాత గాలి బాగా ఆడనివ్వండి. షీటు ముందుగా చిరిగేది ఇనుప పైపును తాకే చోటే, అక్కడ పైపు బాగా కాలుతుంది కాబట్టి. పైపుల పైభాగానికి తెల్ల రంగు వేస్తే కొంత కాలం కలిసొస్తుంది.

పాతబడిన పట్టలు, పీవీసీ ముక్కలు పొయ్యిలో వేసి కాల్చకండి. పీవీసీ కాలితే ఆమ్లపు పొగ వస్తుంది, కళ్లకూ గొంతుకూ చేటు. పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేయండి. వాడే పట్టను మాత్రం దుమ్ము కడిగి నీడలో ఆరబెట్టి, ప్రతిసారీ ఒకే గీత మీద మడవకుండా, వెదురు బొంగుకు చాపలా చుట్టి దూలానికి కట్టండి.